కుప్ప ఉన్న చోటే మొదలుపెడదాం



దగ్గర్లో ఒక పది రూపాయల నోటు ఉంటే చేతిలోకి తీసుకోండి. రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దండి. కాస్త గరుకుగా, గట్టిగా తగులుతుంది. చొక్కా జేబులో మర్చిపోయి ఉతికేసినా అది ముద్దయిపోదు. ఆరబెడితే మళ్ళీ చెల్లుతుంది. అదే జేబులో బస్సు టికెట్టు ఉంటే గుజ్జుగుజ్జు అయ్యేది. ఎందుకంటే నోటు కర్రగుజ్జుతో చేసిన కాయితం కాదు. అది పత్తి. నూటికి నూరుపాళ్ళూ పత్తి.

అయితే ఏ పత్తి? చీరకో చొక్కాకో పనికొచ్చే పొడుగు పింజ పత్తి కాదు. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున నర్మదాపురం అని ఒక ఊరుంది. మొన్నమొన్నటిదాకా దాన్ని హోషంగాబాద్ అనేవారు. అక్కడ 1968 నుంచి నోట్ల కాయితం తయారుచేసే మిల్లు నడుస్తోంది. ఈ రకం కాయితానికి కావలసింది నూలు మిల్లులో దువ్వేటప్పుడు రాలిపోయే పొట్టి పోగులు. జిన్నింగు అయ్యాక కూడా పత్తి గింజను వదలకుండా పట్టుకుని ఉండే నూగు. నూలు వడికేవాళ్ళ లెక్కలో అది తుక్కు. ఆ తుక్కుతోనే దేశం తన డబ్బు అచ్చు వేసుకుంటోంది.

ఆ తుక్కులో ఉన్న పదార్థం పేరు సెల్యులోజ్. ఈ రోజు మన మాటలన్నీ దాని గురించే. పంట కోశాక మిగిలే గడ్డిలో సెల్యులోజ్ ఉంది. పత్తి కట్టెలో ఉంది. చెరకు పిప్పిలో ఉంది. టీ కర్మాగారంలో నేల ఊడిస్తే వచ్చే చెత్తలో కూడా ఉంది. దాన్ని పనికొచ్చే వస్తువుగా ఎలా మార్చాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? ఎలా అన్న ప్రశ్నకు రసాయన శాస్త్రం చాలావరకు జవాబు చెప్పేసింది. ఎక్కడ అన్నదే అసలు చిక్కు. ఆ మాట మనసులో పెట్టుకోండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఈ సెల్యులోజ్ ఏమిటో చూద్దాం.

1838లో ఆన్సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రకరకాల మొక్కల భాగాలను తీసుకుని ఆమ్లాలతో, అమ్మోనియాతో కడిగి చూశాడు. ఏ మొక్క తీసుకున్నా సరే, మిగతావన్నీ కరిగిపోయాక చివరికి ఒకే రకమైన పీచు మిగిలింది. దానికే సెల్యులోజ్ అని పేరు పడింది. భూమ్మీద మొక్కలు తయారుచేసే పదార్థాల్లో దీన్ని మించి దొరికేది మరొకటి లేదు.

మనం తినే అన్నంలో పిండిపదార్థం ఉంటుంది. గ్లూకోజ్ అణువులు ఒకదానికొకటి తగులుకుని గొలుసుగా ఏర్పడితే అది పిండిపదార్థం. సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. అదే గ్లూకోజ్. తగులుకున్న తీరు ఒక్కటే వేరు. ఆ తేడా వల్లే మనం బియ్యం తింటాం, గడ్డి తినలేం. గేదె గడ్డి తింటుంది కదా అంటారేమో. గేదె కూడా దాన్ని సొంతంగా అరిగించుకోలేదు. దాని కడుపులో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి.

సెల్యులోజ్ గొలుసులు తిన్నగా ఉంటాయి. పక్కపక్కన ఒత్తుగా చేరి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. అందుకే అవి నీళ్ళలో కరగవు. అందుకే తాటిచెట్టు గాలికి నిలబడుతుంది, జనపనార తాడు బరువు మోస్తుంది.

అయితే మొక్కలో సెల్యులోజ్ ఒంటరిగా ఉండదు. పాత ఇళ్ళ మట్టిగోడలు గుర్తున్నాయా? మట్టిలో గడ్డి కలిపి, నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కి గోడ పెట్టేవాళ్ళు. గడ్డి గోడను చీలిపోకుండా పట్టి ఉంచేది. మట్టి గడ్డిని కదలకుండా పట్టి ఉంచేది. మొక్క కాండంలో కూడా సరిగ్గా ఇదే ఏర్పాటు. గడ్డి స్థానంలో సెల్యులోజ్, మట్టి స్థానంలో లిగ్నిన్ అనే గోధుమరంగు పదార్థం. ఈ రెంటి నడుమ హెమిసెల్యులోజ్ అని ఇంకొకటి. సెల్యులోజ్ కావాలంటే గోడను నానబెట్టి మట్టి కడిగేయాలి. పని అంతా అదే. మట్టి కడిగేయడం.

ఎలా కడుగుతారు? ముందు దుమ్మూ ధూళీ పోయేలా మామూలు నీళ్ళతో. తర్వాత కాస్టిక్ సోడా నీళ్ళలో వేసి ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగి నీళ్ళు నల్లబడతాయి. మిగిలిన పీచును హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి వాటితో తెల్లబరుస్తారు. అప్పుడు తెల్లటి గుజ్జు చేతికొస్తుంది. ఇక్కడ ఆగిపోతే కాయితం, అట్ట, పళ్ళెం చేసుకోవచ్చు.

ఆగకుండా ముందుకు వెళ్తే? ఆ గుజ్జును ఆమ్లంలో వేస్తారు. సెల్యులోజ్ పోగు పొడవునా ఒకే తీరుగా ఉండదు. కొన్ని చోట్ల గొలుసులు క్రమంగా, బిగువుగా అమరి ఉంటాయి. కొన్ని చోట్ల వదులుగా ఉంటాయి. ఆమ్లం ఆ వదులు భాగాలను కొరికేస్తుంది. బిగువు భాగాలు మిగులుతాయి. 1955లో అమెరికాలో ఆర్లాండో బటిస్టా అనే శాస్త్రవేత్త ఇలా ఆమ్లంతో విరిచిన సెల్యులోజ్‌ను నీళ్ళతో కలిపి మిక్సీలాంటి యంత్రంలో వేసి తిప్పాడు. కాసేపటికి అడుగున పేరుకుంటుందనుకున్నాడు. పేరుకోలేదు. వెన్నలా తెల్లగా, చిక్కగా నిలిచిపోయింది. దాని పేరు మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్.

పేరు పెద్దది. వస్తువు మాత్రం మీ ఇంట్లోనే ఉంది. జ్వరం మాత్ర ఉంది కదా, దాన్ని పొడి కాకుండా బిళ్ళగా పట్టి ఉంచేవాటిలో చాలాసార్లు ఇదే ఉంటుంది. మందు తక్కువ మోతాదులో ఉండే మాత్రల్లోనైతే ఈ తెల్లపొడి పాలే ఎక్కువ ఉండవచ్చు. మందుల తయారీకి పేరుపడ్డ హైదరాబాదు చుట్టుపక్కల దీని వాడకం ఎంత ఉంటుందో మీరే ఊహించండి.

ఇంకా చిన్నగా చేస్తే నానోసెల్యులోజ్. కంటికి కాదు కదా, మామూలు మైక్రోస్కోపుకు కూడా అందనంత సన్నని పోగులు. కాయితంలో కాస్త కలిపితే కాయితం బలం పెరుగుతుంది. పల్చటి పొరగా పోస్తే గాలిలోని ఆక్సిజన్‌ను లోపలికి రానివ్వదు. ఆహారం పొట్లాలకు ప్లాస్టిక్ బదులు వాడవచ్చన్న ఆశ అక్కడ పుట్టిందే. ముంబైలో పత్తి మీద పరిశోధన చేసే కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది, సిర్కాట్ అంటారు. 1924 నుంచి పనిచేస్తోంది. వాళ్ళు 2015లో నానోసెల్యులోజ్‌కు ఒక నమూనా ప్లాంటు పెట్టారు. అక్కడ ప్రధానమైన ముడిసరుకు ఏమిటో తెలుసా? ఇందాక చెప్పుకున్నదే. పత్తి గింజ మీది నూగు.

ఎందుకు దాన్నే ఎంచుకున్నారు? పత్తిలో నూటికి 90 పాళ్ళు సెల్యులోజే. కడగాల్సిన మట్టి దాదాపు లేదు. వరిగడ్డిలో 35, 40 పాళ్ళకు మించదు. టీ చెత్తలో ఇంకా తక్కువ. ఇది ఒక కారణం. రెండో కారణం నా దృష్టిలో ఇంకా ముఖ్యం. పత్తి గింజ జిన్నింగు మిల్లు నుంచి నూనె మిల్లుకు వస్తుంది. నూగు అక్కడే కుప్ప పడుతుంది. ఎవరూ పొలాల వెంట తిరిగి ఏరనక్కరలేదు. కుప్ప ముందే ఉంది.

ఈ మాట మళ్ళీ చెబుతాను. కుప్ప ముందే ఉన్న చోట మొదలుపెట్టాలి. పంట వ్యర్థాల నుంచి వస్తువులు చేయాలన్న ఆలోచనలు చాలావాటికి దెబ్బ తగిలేది ప్రయోగశాలలో కాదు. పొలం గట్టుకూ కర్మాగారం గేటుకూ మధ్య ఉన్న రోడ్డు మీద.

ఇప్పుడు టీ సంగతికి వద్దాం. టీ తోట మనది కాదు, కానీ టీ మనది. మన దేశంలో ఏడాదికి సుమారు 130 కోట్ల కిలోల టీ తయారవుతుంది. అందులో దాదాపు సగం అస్సాందే. ఆ తోటల్లో మనవాళ్ళ చెమట కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, గంజాం, విశాఖపట్నం వైపు నుంచి కూలీలను రైళ్ళలో, స్టీమర్లలో అస్సాం తోటలకు తీసుకెళ్ళారు. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. కాబట్టి అక్కడి కుప్ప విలువ పెరగడం మనకు పరాయి సంగతేమీ కాదు.

మనం రోజూ తాగే గుళికల టీని సీటీసీ అంటారు. 1930లో అస్సాంలోని ఆమ్‌గురి తోటలో విలియం మెక్‌కర్చర్ ఈ పద్ధతికి యంత్రం తెచ్చాడు. పళ్ళున్న రోలర్ల మధ్య పచ్చి ఆకు నలిగి, చిరిగి, చుట్టుకుని గుళికలవుతుంది. ఆకుతోపాటు కాడ కూడా నలుగుతుంది. ఎండబెట్టాక ఆ కాడ పీచును వేరుచేయాలి, లేకపోతే టీ రంగూ రుచీ తగ్గుతాయి. దానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. టీ కదులుతూ వెళ్తుంటే పైన పీవీసీ రోలర్లు తిరుగుతుంటాయి. వాటికి మందపాటి ఫెల్టు గుడ్డ రాసుకుంటూ ఉంటుంది. ఆ రాపిడికి రోలర్ల మీద విద్యుదావేశం పుడుతుంది. నల్లటి గుళికలు కిందే ఉండిపోతాయి. పీచు పైకెగిరి రోలర్లకు అంటుకుంటుంది. అక్కడి నుంచి గీకి ఒక పక్కకు తోస్తారు.

ఆ పీచు, గాలికి లేచే నూగు, నేల ఊడ్చిన పొడి. ఇవన్నీ కలిపితే టీ వేస్టు. దీన్ని ఎవరికి పడితే వాళ్ళకు అమ్మడానికి లేదు. రంగు కలిపి మళ్ళీ టీ పొడిగా అమ్మేస్తారన్న భయంతో 1959లోనే కేంద్రప్రభుత్వం టీ వేస్టు మీద ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు తెచ్చింది. వేస్టు ఎంత వచ్చిందో లెక్క రాయాలి. మనుషులు తాగడానికి పనికిరాకుండా చెడగొట్టాలి. లేదా కెఫీన్ తీసేవాళ్ళకో, ఎరువు చేసేవాళ్ళకో లైసెన్సు ప్రకారం ఇవ్వాలి.

గమనించారా? కల్తీని ఆపడానికి పెట్టిన నియమం ఇంకో మేలు చేసింది. ప్రతి టీ కర్మాగారంలో ఒక కుప్ప ఉంది. దానికి తూకం ఉంది. రిజిస్టరు ఉంది. ఎండి ఉంది. పంట వ్యర్థాల్లో ఇంత పద్ధతిగా పోగుపడి కూర్చున్నవి అరుదు.

జోర్హాట్‌లో 1911 నుంచి టీ పరిశోధనా కేంద్రం ఉంది, తోక్లాయ్ అంటారు. గువాహటి ఐఐటీ పరిశోధకులు కూడా టీ కర్మాగారాల వ్యర్థం మీద పనిచేశారు. మందుల తయారీకి పనికొచ్చే శుద్ధి బొగ్గు, ఆహారంలో కలుపుకునే పదార్థాలు దాని నుంచి చేసి చూపించారు. వీటన్నిటిలో నాకు నచ్చేది ఒక వరస. ముందు కెఫీన్ తీయాలి. దానికి మంచి ధర ఉంది. తర్వాత వగరునిచ్చే పాలీఫినాల్స్ తీయాలి. అవి ఆహారం నిలవ ఉంచడానికి పనికొస్తాయి. చివరికి మిగిలేదే పీచు, సెల్యులోజ్. ఒకే కుప్పను మూడుసార్లు వాడుకోవడం. సెల్యులోజ్ ఒక్కదాని కోసమే అయితే టీ చెత్త గిట్టుబాటు కావడం కష్టం. వరసలో చివరిదిగా అయితే దానికి అర్థం ఉంది.

ఇంకొక మాట. టీ చెత్తను పాల తెలుపు వచ్చేదాకా కడగాలా? ఎన్నో ప్రయోగశాలలు కడిగాయి, నానో పోగులు తీశాయి. సాధ్యమే. కానీ టీలో లిగ్నిన్, వగరు ఎక్కువ. సోడా ఎక్కువ పడుతుంది, పెరాక్సైడ్ ఎక్కువ పడుతుంది. నా ఉద్దేశం వేరు. టీ చెత్తను సగం కడిగి వదిలేస్తే దానికున్న గుణం దానికి మిగులుతుంది.

ఏమిటా గుణం? నీళ్ళలో ఉన్న సీసం లాంటి లోహాలను టీ ఆకు పట్టుకుంటుంది. 2025లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు ఒక పరిశోధన ప్రచురించారు. మామూలుగా ఒక కప్పు టీ కాచుకుంటే నీళ్ళలో సీసం ఉంటే దాదాపు 15 శాతం దాకా ఆకుకు అంటుకుపోతుందని అంచనా కట్టారు. టీ సంచులను కూడా పరీక్షించారు. నైలాన్ సంచికి, నూలు సంచికి చెప్పుకోదగ్గంత ఏమీ అంటలేదు. కర్రగుజ్జు సెల్యులోజ్‌తో చేసిన సంచి మాత్రం బాగా పట్టుకుంది. దాంట్లో సూక్ష్మమైన రంధ్రాలు ఎక్కువ, అంటుకోవడానికి చోటు ఎక్కువ.

అమ్మలూ అక్కలూ, ఇది విని ఇంట్లో నీళ్ళ బిందెలో టీ పొడి వేయకండి. 15 శాతం పోతే 85 శాతం ఉన్నట్టే. నేను చెప్పేది పరిశ్రమల సంగతి. అద్దకం పనిచేసే చోట, లోహాలకు పూత పూసే చోట బయటికి వదిలే నీళ్ళను ముందు ఇలాంటి పీచు గుండా పోనివ్వవచ్చు. పట్టుకున్న విషాన్ని మళ్ళీ మట్టిలో పారబోయకుండా ఆ పీచును భద్రంగా ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

మరి మన ఊళ్ళలో టీ బండ్ల సంగతి? సందుకొక బండి. ప్రతి బండి దగ్గరా రోజూ వడకట్టిన పిప్పి. అంతా కలిపితే ఎంతో అవుతుంది. కానీ అది ఊరంతా చెదిరి ఉంది. తడిగా ఉంటుంది, పాలు కలిసి ఉంటాయి, పూట గడిస్తే పులుస్తుంది. దాన్ని పోగుచేసి సెల్యులోజ్ తీద్దామనుకోవడం కన్నా, పక్కింటి గులాబీ మొక్క మొదట్లో వేయడమే మంచి వాడకం. ఒకే పదార్థం. ఒకచోట కుప్ప ఉంది, ఇంకోచోట లేదు. తేడా అదే.

ఈ తేడాను ఇప్పుడు మన పొలాల్లోకి తీసుకువెళ్దాం.

పత్తి బాగా పండించే రాష్ట్రాల్లో గుజరాత్, మహారాష్ట్రల సరసన తెలంగాణ ఉంది. ఆదిలాబాద్‌లో, వరంగల్‌లో, నల్లగొండలో సంక్రాంతి దాటాక పత్తి ఏరడం అయిపోయి చేను నిండా కట్టె నిలబడి ఉంటుంది. అటు గుంటూరు, పల్నాడు వైపు కూడా అంతే. ఆ కట్టెను చేలో ఉంచకూడదు. ఎందుకంటే గులాబీ రంగు పురుగు మిగిలిన కాయల్లో, కట్టెల్లో దాక్కుని మళ్ళీ పంట దాకా బతుకుతుంది. చేను గట్టున కుప్ప వేసి ఏడాదంతా ఉంచినా అదే ప్రమాదం. పీకాలంటే కూలి ఖర్చు. పీకాక ఏం చేయాలి? కొంత పొయ్యిలోకి పోతుంది. గ్యాసు వచ్చాక అదీ తగ్గింది. మిగతాది అక్కడే తగలబెడతారు. రైతును తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. అతని ముందు ఇంకో దారి ఎవరూ పెట్టలేదు.

ఎకరానికి సుమారు ఒక టన్ను కట్టె వస్తుంది. లారీకి ఎత్తితే బరువు నిండకముందే లారీ నిండిపోతుంది. అంతా గాలే. మోసుకెళ్ళేది గాలి అయినప్పుడు డీజిలు ఖర్చు ఎవరు భరిస్తారు? అందుకే చేలోనే ముక్కలు కొట్టాలి. ట్రాక్టరుకు తగిలించే ముక్కలు కోసే యంత్రాలు ఉన్నాయి. ముక్కలుగా కొట్టాక దాన్ని కడగాల్సిన పని లేకుండా వాడుకునే దారి కూడా ఉంది. జిగురు కలిపి, వేడి మీద ఒత్తితే చెక్కలాంటి బోర్డు వస్తుంది. సిర్కాట్ వాళ్ళు ఈ పద్ధతిని ఎన్నో ఏళ్ళుగా చూపిస్తున్నారు. పత్తి కట్టె గట్టిది, చేవ ఉన్న కర్రలాగే ఉంటుంది. దాంట్లో లిగ్నిన్‌ను కడిగి పారేయడం దేనికి? దాన్ని అలాగే ఉంచి బల్లగా, తలుపుగా మార్చుకోవచ్చు. సోడా అక్కర్లేదు. నల్లనీళ్ళు లేవు. పత్తి మండీ ఉన్న ఊళ్ళోనే ఈ పని పెడితే, పత్తి తెచ్చే బండే కట్టె ముక్కలూ తెస్తుంది.

వరిగడ్డి సంగతి ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. కొడవలితో కోసిన రోజుల్లో గడ్డి మోపులుగా కళ్ళానికి వచ్చేది. వాము పడేది. ఇప్పుడు కోత మిషన్ గింజ పట్టుకుని గడ్డిని చేలో చిమ్ముకుంటూ పోతుంది. రెండో పంటకు తొందర. అగ్గిపుల్ల గీస్తారు. గడ్డిని కట్టలు కట్టే బేలర్లు వచ్చాయి, కొన్ని చోట్ల బాగానే నడుస్తున్నాయి. మంచిదే. కానీ ఆ గడ్డి మీద మొదటి హక్కు పశువులది, రెండోది నేలది. ఆ తర్వాతే కర్మాగారానిది. పాడి ఉన్న జిల్లాల్లో గడ్డిని గుజ్జు మిల్లుకు తోలితే అవతల పాలధర పెరుగుతుంది.

ఇంకొక ఇబ్బంది ఉంది. వరిచేలో నడిచినవాళ్ళకు తెలుసు, ఆకు చేతిని కోస్తుంది. వరి మొక్క నేలలోంచి సిలికా పీల్చుకుని ఆకులో పెట్టుకుంటుంది. ఇసుకలో ఉండేది అదే. గడ్డిని కాస్టిక్ సోడాలో ఉడికిస్తే ఆ సిలికా కూడా కరిగి నల్లనీళ్ళలోకి దిగుతుంది. పెద్ద మిల్లులు నల్లనీళ్ళను మరిగించి, మండించి సోడాను తిరిగి రాబట్టుకుంటాయి. సిలికా ఉంటే ఆ మరిగించే యంత్రాల గొట్టాలు గట్టకట్టి పూడిపోతాయి. సోడా తిరిగి రాదు. తిరిగి రాకపోతే చిన్న మిల్లు ఏం చేస్తుంది? నల్లనీళ్ళను వాగులోకి వదులుతుంది. గడ్డితో కాయితం చేసిన చిన్న మిల్లులు దేశంలో చాలా చోట్ల చెడ్డపేరు తెచ్చుకుని మూతపడడానికి ఇదొక పెద్ద కారణం.

చెరకు పిప్పి కథ దీనికి భిన్నం. చక్కెర మిల్లు పక్కనే కొండంత కుప్ప. అయితే మిల్లు తన బాయిలరులో దాన్నే మండిస్తుంది. అనకాపల్లి వైపు బెల్లం వండే పొయ్యికి కూడా పిప్పే వంటచెరకు. అది చెత్తేమీ కాదు, దానికి పని ఉంది. తమిళనాడులో కరూరు దగ్గర కాగితపురంలో ప్రభుత్వ కాయితం మిల్లు ఒక ఒప్పందం చేసుకుంది. మీ పిప్పి మాకివ్వండి, మీ బాయిలరుకు వేరే ఇంధనం మేం చూస్తాం అని చక్కెర మిల్లులకు చెప్పింది. 1980ల నుంచి పిప్పితో కాయితం చేస్తోంది. కుప్ప ఉన్నా, దానికి ముందే ఒక పని ఉంటే, ఆ పనికి బదులు చూపించి మరీ అడగాలి. వాళ్ళు అడిగారు.

శ్రోతలారా, ఇంతసేపూ ఆశ గురించి మాట్లాడాను. ఒక దుఃఖం గురించి కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం నిజాయితీగా ఉండదు.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఒక కర్మాగారంలో పేలుడు జరిగింది. యాభై మందికి పైగా చనిపోయారు. మనవాళ్ళున్నారు, బీహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. అక్కడ తయారయ్యేది ఇందాక నేను చెప్పిన మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మాత్రల్లో వాడే తెల్లపొడి. మింగితే ఏమీ చేయని పొడి అది. కానీ సన్నగా, పొడిగా, గాలిలో తేలుతున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. పిండి మిల్లుల్లో, చక్కెర మిల్లుల్లో కూడా ప్రపంచమంతటా ఇలాంటి పేలుళ్ళు జరిగాయి. సెల్యులోజ్ ప్రకృతిసిద్ధమైనది కాబట్టి దాని కర్మాగారం కూడా నిరపాయం అనుకోవడం ప్రమాదం. దుమ్ము ఎప్పటికప్పుడు లాగేయాలి. ఆరబెట్టే యంత్రాల వేడిని కనిపెట్టి ఉండాలి. పేలుడు ఒత్తిడి పక్కకు పోయే తలుపులుండాలి. పక్కనే జనం గుమిగూడే గదులు ఉండకూడదు. కొత్తగా ఎవరు పెట్టినా, పంట వ్యర్థంతో పెట్టినా, పత్తితో పెట్టినా, ముందు ఈ ఖర్చు వేసుకోవాలి. ఈ ఖర్చు వేసుకుంటే గిట్టదంటారా? అయితే పెట్టొద్దు.

నల్లనీళ్ళ ఖర్చూ అంతే. లెక్కలో అది లేకపోతే ఆ లెక్క తప్పు. దాన్ని దిగువ ఊరివాళ్ళు తమ బోర్లతో, తమ చేపలతో కడతారు.

చివరగా ఒక తియ్యటి సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. సెల్యులోజ్‌ను మొక్కలే కాదు, కొన్ని బ్యాక్టీరియాలు కూడా తయారుచేస్తాయి. 1886లోనే ఇంగ్లండులో ఎ. జె. బ్రౌన్ అనే శాస్త్రవేత్త దీన్ని గమనించి రాశాడు. తీపి టీని పులియబెట్టి కొంబూచా అని తాగుతున్నారు కదా ఈ మధ్య, దాని మీద తేలే మందపాటి పొర ఉందే, అది సెల్యులోజే. ఇందులో లిగ్నిన్ లేదు. కడగాల్సిన మట్టే లేదు. ఉడికించడానికి పెద్ద బాయిలర్లు అక్కర్లేదు. గాలిలో లేచే దుమ్మూ లేదు, ఎందుకంటే అది మొదటి నుంచీ తడిపొర.

ఫిలిప్పీన్స్‌లో 1949లో తియోడులా కలావ్ ఆఫ్రికా అనే ఆవిడ కొబ్బరినీళ్ళ మీద ఇదే బ్యాక్టీరియాను పెంచి, తినే పదార్థం చేసింది. నాటా డి కోకో అంటారు. కొబ్బరినీళ్ళలో కాస్త పంచదార, కాస్త పులుపు, ఆ బ్యాక్టీరియా కలిపి, వెడల్పాటి పళ్ళాల్లో పోసి, బట్ట కప్పి కదపకుండా ఉంచితే ఒకటి రెండు వారాల్లో పైన తెల్లటి పొర కడుతుంది. ముక్కలు కోసి, కడిగి, పాకంలో వేస్తారు. ఇదే రకం పొరను వైద్యులు కాలిన గాయాల మీద కట్టుగా వాడారు. సోనీ సంస్థ తన హెడ్‌ఫోనుల్లో శబ్దం పుట్టించే పల్చటి పొరగా కూడా వాడింది.

మరి మన కోనసీమ? కురిడి కోసం అటక మీద పెట్టిన కాయలో నీళ్ళు లోపలే ఇంకిపోతాయి. అది వేరే సంగతి. చిప్పలుగా కొట్టి ఎండబెట్టే చోట మాత్రం ప్రతి కాయ నీళ్ళూ నేలపాలే. అంబాజీపేట చుట్టుపక్కల అలా కొట్టే కళ్ళాలు ఉన్న చోట కుప్ప తయారుగా ఉన్నట్టే. చిక్కల్లా ఒక్కటే, ముదురు కాయ నీళ్ళు కొన్ని గంటల్లో పులుస్తాయి. ఎండ కాసే రోజున ఇంకా తొందరగా. లారీలకూ, దూరాభారాలకూ అది ఆగదు. కాబట్టి ఎవరైనా డ్వాక్రా సంఘం అక్కలు ఈ పని మీద మనసు పెడితే, ఊరవతల షెడ్డు చూసుకోకండి. కాయలు కొట్టే కళ్ళం పక్కనే గది చూసుకోండి. శుభ్రమైన పళ్ళాలు, ఉడికించిన బట్టలు, ఈగ రాకుండా తలుపుకు జాలీ. మొదట చిన్నగా, పది పళ్ళాలతో మొదలుపెట్టండి.